మైకు మంత్రిగారి మౌన వీసా

సాంస్కృతిక శాఖామాత్యులు ఆ ఉదయం విలేఖరులను పిలిపించి, దేశ సంస్కృతిని విదేశాలకు స్వయంగా మోసుకెళ్ళాలని తాము నిర్ణయించుకున్నట్టు ప్రకటించారు. ఆరుగురు సభ్యుల కళాబృందానికి వారే నాయకత్వం వహిస్తారు. ఆర్నెల్లపాటు అక్కడే ఉండి కళ నేర్పుతారు, కళ నేర్చుకుంటారు. ఈ త్యాగానికి ప్రజలు దయచేసి అడ్డుపడవద్దని కూడా ముందుగానే విజ్ఞప్తి చేశారు. ఎవరూ అడ్డుపడలేదు.

"ఏ కళ సార్?" అని ముందు వరసలో కూర్చున్న విలేఖరి అడిగాడు.

మంత్రిగారు వెనక్కి తిరిగి పీఏ వైపు చూశారు. పీఏ వంగి చెవిలో చెప్పాడు.

"మూకాభినయం," అన్నారు మంత్రిగారు. "అంటే నోరు మెదపకుండా ప్రదర్శించేది. నోరు మెదపకపోవడం అనే దాని గురించి రెండు ముక్కలు చెబుతాను."

ఆ రెండు ముక్కలు భోజనాల వేళ దాకా సాగాయి. ఊళ్ళో ఆయన్ని మైకు మంత్రి అంటారు. ఎవరో గిట్టనివాళ్ళు పెట్టిన పేరు కాదు, అభిమానులు పెట్టిందే. ప్రారంభోత్సవానికి వచ్చి ఆయన ప్రసంగం ముగించి రిబ్బను కత్తిరించేలోగా కొత్త వంతెన పాతబడిపోయిన సందర్భాలు ఉన్నాయి.

ఆ హాల్లో అసలు సంగతి తెలిసినవాడు పీఏ ఒక్కడే. ఆ ఆహ్వానం మంత్రిగారికి వచ్చింది కాదు. ఊరి చివర బధిరుల పాఠశాలలో మూకాభినయం నేర్పే టీచరమ్మకి వచ్చింది. ఎక్కడో ఉన్న ఆ దేశంలో వినబడనివాళ్ళే నడుపుకునే ఒక నాటకశాల ఉంది. వాళ్ళు ఈవిడ పిల్లల ప్రదర్శన వీడియోలో చూసి, మీరూ మీ పాత విద్యార్థులు అయిదుగురూ మా దగ్గరకి రండి, ఖర్చులు మావి, సాంస్కృతిక విద్యా వినిమయ సందర్శకుల వీసాకి మీరు దరఖాస్తు చేసుకుంటే చాలు అని రాశారు. ప్రభుత్వ అనుమతి కోసం టీచరమ్మ ఆ కాగితాన్ని శాఖకి పంపించింది. ఆవిడ చేసిన పొరపాటు అదొక్కటే.

ఆ అయిదుగురు విద్యార్థుల్లో ఒకమ్మాయి పీఏ కూతురు. ఇంట్లో గువ్వ అంటారు. పుట్టినప్పటి నుంచీ వినబడదు. ఆ బడిలోనే చదివి, ఇప్పుడు అక్కడే చిన్నపిల్లలకి ఆటపాటల్లో సాయం చేస్తోంది. ఆ నాటకశాలలో శిక్షణ పొంది వస్తే అదే బడిలో టీచరుగా తీసుకుంటామన్నారు. ఇంటికి ఆహ్వానం కాపీ వచ్చిన రోజున గువ్వ వంటింట్లో విమానం ఎక్కి, కిటికీ సీటు కోసం కనిపించని మనిషితో పోట్లాడి, గెలిచి, కూర్చుని చూపించింది. వాళ్ళమ్మ నవ్వు ఆపుకోలేక పొయ్యి ఆపేసింది.

విలేఖరులు వెళ్ళిపోయాక మంత్రిగారు పీఏని పిలిచారు.

"ఏమయ్యా, ఆరుగురు కదా. నేను, మా ఆవిడ, బావమరిది, మా వదిన, అంటే మా ఆవిడ వాళ్ళక్క. మా వాడికి కాలేజీ సెలవులు. అయిదుగురయ్యాం. ఆరో మనిషి ఎవరు?"

పీఏ ఆ కాగితం తీసి ముందు పెట్టాడు. "సార్, ఆహ్వానం టీచరమ్మగారి పేరు మీద ఉందండి."

"అయితే ఆవిడే ఆరో మనిషి. మనం కాదంటామా? కళాకారుల పట్ల నాకున్న గౌరవం నీకు తెలియంది కాదు."

వీసా కన్సల్టెంటు మాత్రం దీనికి ఒప్పుకోలేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, నెమ్మదిగా, రోగం ముదిరిందని చెప్పే డాక్టరులా మాట్లాడతాడు.

"సార్, ఇది టూరిస్టు వీసా కాదు. ఆ కళ చేసేవాళ్ళకీ నేర్పేవాళ్ళకీ మాత్రమే ఇస్తారు. ఇంటర్వ్యూలో ఏదీ చేసి చూపించండి అనొచ్చు. బృందంలో కనీసం ఇద్దరైనా నిజంగా ఆ కళ వచ్చినవాళ్ళు ఉండాలి. మిగతావాళ్ళు నేర్చుకోవాలి."

"నేర్చుకుంటాం," అన్నారు మంత్రిగారు. "ఇంతకీ ఏం నేర్చుకోవాలి?"

"మాట్లాడకుండా ఉండటం సార్."

గదిలో ఉన్నవాళ్ళందరూ ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

మంత్రిగారి అబ్బాయి తనకి రావాలని లేదనడంతో ఒక సీటు ఖాళీ అయింది. మంత్రిగారి కుటుంబానికి నేర్పాలంటే గువ్వ కూడా బృందంలో ఉండాలని టీచరమ్మ పట్టుబట్టింది. అలా గువ్వ మిగిలింది. మిగతా నలుగురికీ ఆ మాట చెప్పే పని పీఏ మీద పడింది. ఫోన్‌లో రాసి పంపడానికి మనసొప్పలేదు, ఎదురుగా నిలబడి చేతులతో చెప్పాలి. ఒకతను దర్జీ, కత్తెర కింద పెట్టి ఆయన చేతుల వైపే చూశాడు. ఒకమ్మాయి ప్రెస్సులో పుస్తకాలు కుడుతుంది, మళ్ళీ చెప్పమంది, మళ్ళీ చెప్పాడు. ఇద్దరు అన్నదమ్ములు బేకరీలో పని చేస్తారు. పెద్దవాడు సైగతో ఒకటే అడిగాడు: "గువ్వ వెళ్తోందా?" వెళ్తోందని చెప్పాడు పీఏ. ఆ అబ్బాయి మంచిదన్నట్టు బొటనవేలు చూపించి, ఆయన చేతిలో ఒక బన్ను పెట్టాడు. పీఏ దాన్ని తినలేక, పారేయలేక, సాయంత్రం దాకా జేబులో పెట్టుకుని తిరిగాడు.

శిక్షణ మంత్రిగారి గెస్ట్ హౌస్‌లో మొదలైంది. బావమరిదిది మొదటి రోజే అద్భుతమైన ప్రతిభ అని తేలింది. కుర్చీలో కూర్చుని, శూన్యంలోకి చూస్తూ, ఏం జరిగినా పెదవి విప్పకుండా గంటలు గడిపేశాడు.

"ఎక్కడ నేర్చుకున్నారండీ?" అని టీచరమ్మ ఆశ్చర్యపోయింది.

"విచారణ కమిషన్ ముందు," అన్నాడు బావమరిది వినయంగా.

మంత్రిగారికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. మూకాభినయంలో మొదటి పాఠం గోడ. ఎదురుగా గోడ ఉన్నట్టు ఊహించుకుని, దాని మీద అరచేతులు ఆనించి, తడుముతూ పక్కకి జరగాలి. మంత్రిగారు చేతులు చాచి, "సోదర సోదరీమణులారా, ఈ గోడ..." అని మొదలుపెట్టేవారు. గువ్వకి వినబడదు గానీ ఆయన పెదాలు కదలడం కనిపించేది. వెంటనే చెయ్యి ఎత్తి ఆపేది. మళ్ళీ మొదటి నుంచి చేయించేది. మంత్రిగారిని మధ్యలో ఆపిన మనిషి దేశంలో ఇంతవరకూ లేడు. అందుకని ఆయనకి ఏం చేయాలో తెలియక, చెప్పినట్టు చేశారు.

"సార్, ఇక్కడ గంటసేపు నోరు మూసుకుని బయటికెళ్ళి పది గంటలు మాట్లాడితే ఒంటబట్టదు," అంది టీచరమ్మ. "ఇంటర్వ్యూ అయ్యేదాకా ఎక్కడా మాట్లాడకండి. ఇంట్లో కూడా."

మంత్రిగారు ఏదో అనబోయి నోరు మూసుకున్నారు. తర్వాత తల ఊపారు. ఆ క్షణం నుంచి దేశ చరిత్ర మారింది.

ఇల్లు మొదట మారింది. "కాపురానికొచ్చాక మొదటిసారి మా వంటింట్లో కుక్కరు విజిల్ వినబడింది," అని మంత్రిగారి భార్య వాళ్ళక్కతో చెప్పింది. శాఖలో ఉపన్యాసాలు వినే పని తగ్గిపోయి గుమాస్తాలు ఏం చేయాలో తోచక ఫైళ్ళు చూడటం మొదలుపెట్టారు. మంత్రివర్గ సమావేశంలో ప్రతి అంశానికీ లేచి నిలబడే మనిషి ఈసారి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కనున్న ఆర్థికమంత్రికి చెమటలు పట్టాయి. మర్నాడు పత్రికలన్నీ ఒకటే మాట రాశాయి: మౌనం వెనుక మర్మమేమిటి?

మూడో రోజుకి ప్రభుత్వాధినేత నుంచి కబురు వచ్చింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పీఏ కూడా వెంట వెళ్ళాడు. పెద్దాయన తలుపు వేయించి, ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"ఏంటోయ్, మాట్లాడటం లేదట."

మంత్రిగారు మాట్లాడలేదు.

"నా మీద కోపమా?"

మంత్రిగారు కంగారులో ఏం చేయాలో తెలియక, తనకి వచ్చింది చేశారు. లేచి నిలబడి అరచేతులు గాలిలో ఆనించి, తడుముతూ కుడివైపు జరిగారు. ఎడమవైపు జరిగారు.

పెద్దాయన మొహం పాలిపోయింది. "గోడా? నీకూ నాకూ మధ్య గోడ కట్టానంటావా?"

మంత్రిగారు ఇంకొంచెం తడిమారు.

"ఎవరు చెప్పారు నీకు? నీ వెనకాల ఎంతమంది ఉన్నారు?"

మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. పీఏ ఒక్కడే ఉన్నాడు. మళ్ళీ ముందుకి తిరిగారు.

"సరే, సరే, అంత మొహమాటం దేనికి? గోడలు అంటున్నావు, భవనాల శాఖ కావాలని నోరు తెరిచి అడగొచ్చు కదా. తీసుకో. సంస్కృతి కూడా నీ దగ్గరే ఉంచుకో, ఎవరికి కావాలి అది."

కారెక్కాక మంత్రిగారు తన రెండు చేతుల్నీ ముందు పెట్టుకుని, పుస్తకం చదువుతున్నట్టు చాలాసేపు చూసుకున్నారు. ఇరవై ఏళ్ళు గొంతు చించుకున్నా రాని శాఖ, అరచేతులు చాచితే వచ్చింది. ఆయన కళ్ళలో భక్తి లాంటిదేదో పీఏకి కనిపించింది.

ఇంటర్వ్యూ రోజున కాన్సులేటు ముందు వరస అప్పటికే వీధి మలుపు తిరిగింది. కన్సల్టెంటు అందరికీ చివరి జాగ్రత్తలు చెప్పాడు. ఫైళ్ళు ఇలా పట్టుకోండి. నవ్వండి, మరీ ఎక్కువ నవ్వకండి. వదినగారూ, ఆ నగలు కొన్ని సంచిలో వేసుకోండి, మనం వెళ్ళేది మూకాభినయానికి. సైగలు తెలిసిన మనిషిగా, గువ్వకి తోడుగా పీఏని కూడా లోపలికి రానిచ్చారు.

గాజు కిటికీ అవతల ఉన్న ఆఫీసరు ఆ దేశపావిడ, నడివయసు మనిషి. పక్కన తెలుగు చెప్పడానికి దుబాసీ ఉన్నాడు. మంత్రిగారు ముందు వెళ్ళారు. కాగితాలు చూసి ఆవిడ ఏదో అంది.

"మీ కళ కొంచెం చూపించమంటున్నారు," అన్నాడు దుబాసీ.

మంత్రిగారు గోడ కట్టారు. ఎంత కాదన్నా బాగా కట్టారు. వరసలో ఉన్న ఒకాయన నిజంగానే ఏదో అడ్డుందేమోనని పక్కకి తప్పుకున్నాడు. ఆఫీసరు తల ఊపి ఏదో రాసుకుంది. మంత్రిగారి భార్య అక్కని నోటితో పిలవబోయి, ఆగి, ఆవిడ చెయ్యి నొక్కింది. బావమరిది ఎప్పట్లాగే ఉన్నాడు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు దుబాసీ. "శిక్షణ అయ్యాక తప్పనిసరిగా తిరిగి రావాలి. మీ కుటుంబంలో దాదాపు అందరూ మీతోనే వెళ్తున్నట్టుంది. మరి మీరు ఎవరి కోసం తిరిగి వస్తారు?"

మంత్రిగారు పీఏ వైపు చూశారు. ఈ ప్రశ్నకి గోడ సరిపోదు. టీచరమ్మ కళ్ళతోనే వద్దు, వద్దు అంటోంది. మంత్రిగారి మెడ నరం ఉబ్బింది. ఇన్నాళ్ళుగా ఆనకట్ట వెనక నిలిచిన నీరంతా ఒక్కసారిగా వచ్చి పడింది.

"ఎవరి కోసమా? నన్నడుగుతున్నారా ఎవరి కోసమని? నా ఊపిరైన ప్రజల కోసం. నా నెత్తురైన ఈ నేల కోసం..."

దుబాసీ మొదటి పది వాక్యాలు అనువదించాడు. తర్వాత నీళ్ళు తాగాడు. తర్వాత కుర్చీ వెనక్కి జరుపుకుని వినసాగాడు. మంత్రిగారు బాల్యం దగ్గర మొదలుపెట్టి, మొదటి ఎన్నిక దాటి, వంతెనల దగ్గరకి వచ్చారు. ఆఫీసరు అప్పుడప్పుడూ గడియారం చూసింది. చివరికి సెక్యూరిటీ మనిషి వచ్చి భుజం మీద మర్యాదగా చెయ్యి వేస్తే, "ముగించేముందు ఒక్క మాట," అన్నారు.

ఆవిడ ఆయన కాగితాల మీద ముద్ర వేసింది. తిరిగి వస్తారన్న నమ్మకం కలగలేదు కనుక వీసా నిరాకరిస్తున్నాం అని దుబాసీ చదివాడు. భార్యకీ, వదినగారికీ, బావమరిదికీ వేరే ప్రశ్నలు వేయకుండానే అదే ముద్ర పడింది.

తర్వాత టీచరమ్మా గువ్వా వెళ్ళారు. గువ్వ చేతులు కదపగానే ఆఫీసరు కలం పక్కన పెట్టి, తన చేతులు గాజు దగ్గరకి తెచ్చింది. ఆవిడ తమ్ముడికి వినబడదట. ఆ దేశం సైగలు వేరు, ఇక్కడి సైగలు వేరు. అయినా ఇద్దరూ తడబడుతూ, సరిదిద్దుకుంటూ, రెండు నిమిషాల్లో దారి దొరకబుచ్చుకున్నారు. అర్థంకాని చోట ఆవిడ దుబాసీని అడిగేది, దుబాసీ పీఏని అడిగేవాడు.

శిక్షణ అయ్యాక ఏం చేస్తావని అడిగింది. మొదటి తరగతిలో పిల్లలు ఉన్నారు, నేను వచ్చేసరికి వాళ్ళు రెండో తరగతిలోకి వస్తారు, వాళ్ళకి టీచర్ని కావాలి అని చెప్పింది గువ్వ. ఆవిడ పీఏ వైపు తిరిగింది.

"మీరు తండ్రా? మీరు వెళ్ళడం లేదా?"

"లేదండీ. నేను ఇక్కడే ఉంటాను."

ఆవిడ తల ఊపి ముద్ర చేతిలోకి తీసుకుంది. ముద్ర వేయబోతూ, మూల నిలబడ్డ మంత్రిగారిని చూపించి గువ్వని ఏదో అడిగింది. గువ్వ జవాబు చెప్పింది. ఆఫీసరు పెద్దగా నవ్వేసింది.

"ఏమంటోందయ్యా నా గురించి?" అన్నారు మంత్రిగారు.

గువ్వ అన్నది ఇది: గోడ బాగానే కడతారు, కానీ తను ఏ వైపు నిలబడ్డారో ఆయనకి ఎప్పుడూ గుర్తుండదు.

"గోడ బాగా కడతారందండీ," అన్నాడు పీఏ.

బయటికి వచ్చేసరికి మెట్ల కింద విలేఖరులు గుమిగూడి ఉన్నారు. మంత్రిగారు నోరు తెరవబోయి ఆగిపోయారు. మాట్లాడకుండా ఉంటే కొత్త శాఖ వచ్చింది, మాట్లాడితే వీసా పోయింది. ఆ సత్యం ఆయన మొహంలోకి మెల్లగా ఎక్కడం పీఏ దగ్గర నుంచి చూశాడు. పెదాలు బిగించి, అరచేతులు చాచి, మెట్ల మీద గోడ కట్టారు.

మర్నాడు పత్రికలు ఆ ఫొటోతోనే నిండిపోయాయి. విదేశీ గోడలకు తలవంచని నేత అని ఒకటి, వీసా తిరస్కరించిన మంత్రి అని ఇంకొకటి రాశాయి. ఎవరు ఎవరిని తిరస్కరించారో ఎవరూ అడగలేదు. సాయంత్రానికి శాసనసభ్యులు ఇంటికి రావడం మొదలుపెట్టారు. మంత్రిగారు సోఫాలో కూర్చుని అందరినీ చూసేవారు. రోడ్డు అడిగినవాడు రోడ్డు ఇస్తానన్నారని వెళ్ళాడు. పదవి అడిగినవాడు పదవి ఖాయమని వెళ్ళాడు. ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకున్న ఇద్దరూ, మంత్రిగారు తమ పక్షమేనని కౌగిలించుకుని వెళ్ళారు.

"ఇంత బాగా వినే నాయకుణ్ణి చూడలేదు," అన్నాడు ఒక పెద్దమనిషి బూట్లు వేసుకుంటూ.

కాపలా ఉన్న పోలీసుకి కూడా ఏదో హామీ దొరికినట్టే ఉంది, సంతోషంగా ఉన్నాడు. పెద్దాయన రోజుకో ప్రకటన ఇచ్చి తన వెంట అందరూ ఉన్నారని చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ కొంతమంది తగ్గారు. చివరికి ఆరోగ్య కారణాల మీద తప్పుకున్నారు.

ఈలోగా గువ్వా, టీచరమ్మా విమానం ఎక్కారు. పంపడానికి దర్జీ, ప్రెస్సు అమ్మాయి, బేకరీ అన్నదమ్ములు వచ్చారు. ఖాళీ అయిన నాలుగు సీట్లూ వాళ్ళకి ఇప్పించమని టీచరమ్మ రాసింది గానీ, గడువు దాటిపోయిందని జవాబు వచ్చింది. విమానాశ్రయంలో ఆ నలుగురూ గాజు తలుపు ఇవతల నిలబడి గువ్వకి చేతులతో ఎన్నో చెప్పారు. చుట్టూ ఉన్నవాళ్ళ అరుపుల్లో ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. వాళ్ళు మాత్రం తలుపు మూసుకున్నాక కూడా మాట్లాడుకుంటూనే ఉన్నారు. పీఏ వాళ్ళని ఇళ్ళ దగ్గర దింపాడు. దారిలో క్షమించమని అడుగుదామని చేతులు స్టీరింగు మీద నుంచి తీయబోయాడు. బండి పక్కకి లాగింది. మళ్ళీ పట్టుకున్నాడు.

మంత్రిగారు ప్రభుత్వాధినేతగా పదవీ స్వీకారం చేసే రోజున పీఏకి ఒక్కటే భయం. ప్రమాణం పైకి చదవాలి. అది చట్టం. ముందురోజు ఆ కాగితం చేతికిచ్చి, "ఇదొక్కటీ మాట్లాడాలి సార్," అన్నాడు. మంత్రిగారు కాగితం తీసుకున్నారు. మడిచి జేబులో పెట్టుకున్నారు.

హాలు కిక్కిరిసిపోయింది. దేశాధ్యక్షులు ప్రమాణం ఒక్కో వాక్యం చదివారు. కొత్త ప్రభుత్వాధినేత మైకు ముందు నిలబడి, గంభీరంగా, ఒక్కో వాక్యానికీ పెదాలు కదిపారు. శబ్దం రాలేదు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వెనక వరసలో ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అధ్యక్షులు సంతకం పెట్టారు. ఆ కంఠస్వరం తనని కదిలించిందని సాయంత్రం ఆర్థికమంత్రి టీవీలో చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నం పీఏ కొత్త కార్యాలయంలో భోజనం డబ్బా విప్పుతుండగా గువ్వ వీడియో కాల్ చేసింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. కొంచెం చిక్కింది గానీ మొహం వెలుగుతోంది. నాటకశాల గురించి, టీచరమ్మ జలుబు గురించి చెప్పింది. తర్వాత, ప్రమాణ స్వీకారం చూశామని సైగ చేసింది.

"ఆయన పెదాలు చదివాను నాన్నా. ప్రమాణం కాదు అది. మాటలే కాదు. ఊరికే కదిపారు."

పీఏ ఫోన్‌ని నీళ్ళ గ్లాసుకి ఆనించి నిలబెట్టాడు.

గువ్వ కెమెరాకి దగ్గరగా వచ్చింది. ఎగతాళికి కాదు, తెలుసుకోవాలనే అడిగింది.

"ఆ హాల్లో వినబడేవాళ్ళు ఎవరూ లేరా?"

పీఏ అన్నం డబ్బా పక్కకి జరిపాడు. రెండు చేతులూ పైకెత్తి, శబ్దం రాలేదని మైకు పెట్టినతన్ని సస్పెండ్ చేశారని సైగ చేశాడు.